ఒక పెద్ద సంఖ్య జాతకం రాయడం ఎలా? 3,35,50,336తో చేసి చూద్దాం

ఎనిమిది అంకెల సంఖ్య ఒకటి చేతికిచ్చి దీని లక్షణాలన్నీ చెప్పమంటే చాలామంది 2తో, 3తో, 7తో, 11తో వరసగా భాగించుకుంటూ పోతారు. అరపేజీ నిండేసరికి విసుగు పుడుతుంది, ఎక్కడో ఒక శేషం తప్పు పడుతుంది, అక్కడితో సరి. అంత యాతన అక్కర్లేదు. సంఖ్యను ప్రధాన కారణాంకాల లబ్ధంగా రాసుకోవడం మీదే మీ ఓపికంతా పెట్టండి. అది చేతికొచ్చాక భాజకాలెన్ని, వాటి మొత్తం ఎంత, అది వర్గమా కాదా, రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చా లాంటి ప్రశ్నలకు మళ్లీ భాగహారం జోలికి వెళ్లాల్సిన పనే ఉండదు.

మూడు కోట్ల ముప్పై ఐదు లక్షల యాభై వేల మూడు వందల ముప్పై ఆరు. ఈ సంఖ్యతో పని మొదలుపెడదాం. దీన్నే ఎందుకు ఎంచుకున్నానో ముందే చెబితే మజా పోతుంది. కాగితం, పెన్సిలు, 20 దాకా ఎక్కాలు ఉంటే చాలు. క్యాలిక్యులేటర్ పక్కన పెట్టుకోండి, కానీ సరిచూసుకోవడానికి మాత్రమే.

ముందు సంఖ్యను సరిగ్గా దించుకోండి

నవ్వకండి. పెద్ద సంఖ్యల లెక్కల్లో సగం టెన్షన్ 336 బదులు 363 అని రాసుకోవడం వల్లే వస్తుంది. అంకెలన్నీ కూడండి: 3+3+5+5+0+3+3+6 = 28. మళ్లీ కూడితే 10, మళ్లీ కూడితే 1. అంటే ఈ సంఖ్యను 9తో భాగిస్తే శేషం 1. ఈ 1ని కాగితం మూల రాసి సున్నా చుట్టండి, తర్వాత పనికొస్తుంది.

అయితే అంకెల మొత్తం ఒక పొరపాటును అసలు పట్టుకోలేదు. 36 రాసినా 63 రాసినా మొత్తం ఒకటే కదా. అందుకని ఒకట్ల స్థానం నుంచి ఎడమకు వెళ్తూ ఒకదాన్ని కలిపి తర్వాతిదాన్ని తీసేస్తూ రండి: 6−3+3−0+5−5+3−3 = 6. 11తో భాగిస్తే వచ్చే శేషం ఇది. పక్కపక్క అంకెలు తారుమారైతే ఈ విలువ తప్పకుండా మారుతుంది. 6ని కూడా ఆ 1 పక్కనే రాసుకోండి.

ఈ రెండు చిన్న లెక్కలతోనే మూడు సంగతులు తేలాయి. 3 పోదు, 9 పోదు, 11 పోదు. చివరి అంకె 6 కాబట్టి 5 కూడా పోదు, 2 మాత్రం పోతుంది.

7, 13 సంగతి ఒకేసారి తేల్చేయొచ్చు. 7×11×13 = 1001 కాబట్టి, సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెల గుంపులుగా విడగొట్టి, ఒక గుంపు కలిపి ఒక గుంపు తీసేస్తే చాలు. ఇక్కడ మన కామాలు కొంచెం ఇరకాటంలో పెడతాయి. లక్షలు, కోట్ల పద్ధతిలో 3,35,50,336 అని ఉన్నదాన్ని అలాగే గుంపులనుకుంటే లెక్క తప్పుతుంది. కామాలు చెరిపేసి 33 550 336 అని మళ్లీ రాయండి. 336 − 550 + 33 = −181. 181ని 7తో భాగిస్తే శేషం 6, 13తో భాగిస్తే శేషం 12. రెండూ పోవు.

సగం చేస్తూ వెళ్లండి

సరిసంఖ్య అని తెలిసింది కాబట్టి 2తో ఎన్నిసార్లు పోతుందో చూడాలి. 4కు చివరి రెండంకెలు, 8కి చివరి మూడంకెలు అని సూత్రాలు ఉన్నాయి గానీ, వాటికన్నా ఊరికే సగం చేస్తూ పోవడమే నయం. ఎలాగూ భాగఫలం కావాలి కదా.

1,67,75,168. 83,87,584. 41,93,792. 20,96,896. 10,48,448. 5,24,224. 2,62,112. 1,31,056. 65,528. 32,764. 16,382. 8,191.

పన్నెండు సార్లు సగం చేశాక బేసి సంఖ్య వచ్చింది. అంటే 3,35,50,336 = 2¹² × 8191, అంటే 4096 × 8191. మూల రాసుకున్న శేషాలతో ఇక్కడే సరిచూడండి. 4096 అంకెల మొత్తం 19, అంటే చివరికి 1. 8191 అంకెల మొత్తం కూడా 19, చివరికి 1. ఒకటొకట్ల ఒకటి, సరిపోయింది. 11తో అయితే 4096కు శేషం 4, 8191కి శేషం 7. నాలుగేళ్లు ఇరవై ఎనిమిది, 28ని 11తో భాగిస్తే 6. అదీ సరిపోయింది. రెండు పరీక్షలూ కుదిరాయంటే సగాలు చేయడంలో తప్పు జరిగే అవకాశం చాలా తక్కువ.

8191 ప్రధాన సంఖ్యేనా?

అసలు కష్టం ఇక్కడుంది, అసలు ఆనందం కూడా ఇక్కడే. మామూలు దారి అందరికీ తెలిసిందే: వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడటం. 90 వర్గం 8100, 91 వర్గం 8281. కాబట్టి 90 దాటక్కర్లేదు. ఎందుకంటే 8191కి 90 కన్నా పెద్ద కారణాంకం ఉంటే, దాని జోడీ 90కి లోపలే ఉండాలి, అది ముందే దొరికిపోతుంది.

89 వరకు ప్రధాన సంఖ్యలు 24. అందులో 3, 5, 7, 11, 13ల పని పెద్ద సంఖ్య దగ్గరే అయిపోయింది. 8191 ఏడుతో పోతే 3,35,50,336 కూడా ఏడుతో పోవాలి, పోలేదు కదా. 2 ఎలాగూ లేదు. అంటే 17 నుంచి 89 దాకా ఇంకా పద్దెనిమిది భాగహారాలు మిగిలాయి. ఓపిక ఉంటే చేయండి. 19 దగ్గర 8189 దాకా వచ్చి 2 మిగిలి ఊరిస్తుంది. 23 దగ్గర, 89 దగ్గర 3 మిగులుతుంది. ఒక్కటీ పోదు.

కానీ పద్దెనిమిది చేసే ముందు ఒక్క క్షణం ఆగి 8191 ముఖం చూడండి. 8192 అంటే 2¹³. అంటే ఇది 2¹³ − 1. ఇలాంటి ప్రత్యేక రూపం కనబడగానే గుడ్డిగా భాగించడం ఆపేయాలి, ఎందుకంటే దాని కారణాంకాలు ఎలా ఉండాలో ముందే తెలుసు.

ఎలాగంటే, ఏదైనా ప్రధాన సంఖ్య 8191ని నిశ్శేషంగా భాగిస్తే, దానితో 2¹³ని భాగించినప్పుడు శేషం 1 రావాలి. ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా చెప్పిన సూత్రం ప్రకారం ఆ ప్రధాన సంఖ్యలోంచి 1 తీసేసి, దాన్ని 2కి ఘాతంగా పెట్టినా శేషం 1 వస్తుంది. 13 ప్రధాన సంఖ్య కాబట్టి ఈ రెండూ ఒకేసారి నిజమవ్వాలంటే, ఒకటి తీసేసిన ఆ విలువ 13 ఎక్కంలో ఉండి తీరాలి. అది సరిసంఖ్య కూడా కాబట్టి 26 ఎక్కంలో ఉండాలి. ఫెర్మా ఈ సంగతి 1640లో సాటి గణితవేత్త మెర్సెన్‌కు రాసిన ఉత్తరంలో చెప్పాడు.

అంటే 26 గుణిజాలకు 1 కలిపి చూస్తే చాలు: 27, 53, 79. అక్కడితో 90 దాటిపోతాం. 27 ప్రధాన సంఖ్య కాదు. మిగిలినవి రెండే.

ఇంకో జల్లెడ కూడా ఉంది. 2కి బేసి ఘాతం పెట్టి 1 తీసేస్తే వచ్చే సంఖ్యకు ఉండే ప్రధాన కారణాంకాలు 8తో భాగించినప్పుడు 1 గానీ 7 గానీ మిగల్చాలి. 53ని 8తో భాగిస్తే 5 మిగులుతుంది, కాబట్టి అది జల్లెడలో రాలిపోయింది. 79కి 7 మిగులుతుంది, ఇదొక్కటే పరీక్షకు నిలబడింది. 79 × 103 = 8137, శేషం 54. పోదు. అయిపోయింది, 8191 ప్రధాన సంఖ్యే.

పద్దెనిమిది భాగహారాల చోట ఒక్కటి. ఇలా 2 ఘాతంలోంచి 1 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. వాటి కోసం వెతికే గింప్స్ ప్రాజెక్టులో కంప్యూటర్లు చిన్న కారణాంకాలు వెతికేటప్పుడు ఇప్పటికీ ఈ రెండు జల్లెడలే వాడతాయి. 2024 అక్టోబరులో బయటపడిన వాళ్ల సంఖ్యకు నాలుగు కోట్ల పది లక్షల పైచిలుకు అంకెలున్నాయి, మనకు నాలుగే. పద్ధతి మాత్రం అదే.

ఇక్కడ ఒక తొందరపాటు చాలామంది చేస్తారు. 2కి ప్రధాన సంఖ్యను ఘాతంగా పెట్టి 1 తీసేస్తే ఎప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుందనుకుంటారు. 3, 7, 31, 127 అని వరసగా వచ్చేసరికి అలాగే అనిపిస్తుంది. 11 దగ్గర దెబ్బ పడుతుంది: 2¹¹ − 1 = 2047 = 23 × 89. హుడాల్రికస్ రెజియస్ అనే ఆయన 1536లో ఈ కారణాంకాలను, దాంతోపాటే 8191 ప్రధాన సంఖ్య అన్న సంగతినీ చూపించాడు. గమనించారా, 23 అంటే 22+1, 89 అంటే 88+1. రెండూ 22 ఎక్కానికి ఒకటి పైనే ఉన్నాయి.

భాజకాలను లెక్కపెట్టి కూడండి

ఘాతాలకు ఒక్కొక్కటి కలిపి హెచ్చవేస్తే భాజకాల సంఖ్య వస్తుంది. 2 ఘాతం 12, 8191 ఘాతం 1. 13 × 2 = 26 భాజకాలు. వాటిని రెండు వరసల్లో రాయండి. పై వరసలో 1, 2, 4, 8 అంటూ 4096 దాకా పదమూడు. కింది వరసలో అవే 8191తో హెచ్చవేసినవి: 8191, 16,382, 32,764 అంటూ చివరికి 3,35,50,336.

మొత్తం కూడటానికి 26 సంఖ్యలు నిలువుగా పేర్చకండి. పై వరస గుణశ్రేఢి. 1 నుంచి మొదలై రెట్టింపవుతూ వెళ్లే వరస మొత్తం ఎప్పుడూ చివరిదాని రెట్టింపులో ఒకటి తక్కువ. అంటే 8192 − 1 = 8191. కింది వరస మొత్తం దానికి 8191 రెట్లు. రెండూ కలిపితే 8191 × 8192 = 6,71,00,672.

ఇందులోంచి సంఖ్యను తీసేయండి. 6,71,00,672 − 3,35,50,336 = 3,35,50,336.

తనను మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడితే మళ్లీ తానే వచ్చింది. ఇలాంటివాటిని పరిపూర్ణ సంఖ్యలంటారు. 6, 28, 496, 8128 తర్వాత ఐదోది ఇదే. నాలుగంకెల 8128 తర్వాత ఏకంగా ఎనిమిదంకెలకు దూకుతుంది, మధ్యలో ఒక్కటీ లేదు. సుమారు క్రీ.శ. 100 ప్రాంతంలో నికొమాకస్ ఆ మొదటి నాలుగూ చూసి, ఒక్కో అంకెల పొడవుకు ఒక్కో పరిపూర్ణ సంఖ్య ఉంటుందని, అవి 6, 8లతో మార్చి మార్చి ముగుస్తాయని రాశాడు. శతాబ్దాల పాటు దాన్నే చెప్పుకున్నారు. ఐదోది మొదటి మాటను అబద్ధం చేసింది. ఆరోది 8,58,98,69,056 కూడా 6తోనే ముగిసి రెండో మాటను కూడా పడగొట్టింది.

ఈ మొత్తాన్ని బట్టి ఏ సంఖ్యనైనా మూడు తరగతుల్లో ఒకదాంట్లో వేయొచ్చు. సొంత భాజకాల మొత్తం సంఖ్య కన్నా తక్కువైతే ఊన సంఖ్య, సమానమైతే పరిపూర్ణం, ఎక్కువైతే అధిక సంఖ్య. ప్రధాన సంఖ్యలన్నీ ఊన సంఖ్యలే. 8191నే చూడండి, తనను తీసేస్తే మిగిలేది 1 ఒక్కటే. అధిక సంఖ్యకు మంచి ఉదాహరణ మన పంచాంగంలోనే ఉంది. మహాయుగానికి 43,20,000 సంవత్సరాలు. దీన్ని విడగొడితే 2⁸ × 3³ × 5⁴. భాజకాలు 9 × 4 × 5 = 180. మొత్తానికి 2ల వరస 511, 3ల వరస 40, 5ల వరస 781. మూడింటినీ హెచ్చవేస్తే 1,59,63,640. సంఖ్యను తీసేసినా 1,16,43,640 మిగులుతుంది, అంటే సంఖ్యకు రెండున్నర రెట్లకు పైనే. రకరకాలుగా భాగించుకోవడానికి ఇంతకన్నా అనువైన సంఖ్య కావాలంటే కాస్త వెతుక్కోవాల్సిందే.

ఆకారాలు చూడండి

త్రిభుజ సంఖ్య అవునో కాదో తేల్చడానికి సులువైన దారి, 8తో హెచ్చవేసి 1 కలిపితే వర్గం వస్తుందేమో చూడటం. 3,35,50,336 × 8 + 1 = 26,84,02,689. ఇది 16,383 వర్గం. కాబట్టి త్రిభుజ సంఖ్యే. 1 నుంచి 8191 దాకా అన్నీ కూడితే మన సంఖ్య వస్తుంది. కారణాంకాలు ముందే చేతిలో ఉన్నాయి కాబట్టి నిజానికి ఈ పరీక్ష కూడా అక్కర్లేదు: 4096 × 8191 అంటే 8191 × 8192లో సగమే కదా.

వర్గమా అంటే కాదు. వర్గం కావాలంటే ఘాతాలన్నీ సరిసంఖ్యలవ్వాలి, 8191 ఘాతం 1.

ఘనాల సంగతి మాత్రం ముచ్చటగా ఉంటుంది. 28 = 1³ + 3³. 496 = 1³ + 3³ + 5³ + 7³. 6ను వదిలేస్తే సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఇలా వరస బేసి ఘనాల మొత్తాలే. మనదాంట్లో ఎన్ని బేసి సంఖ్యలు కావాలి? 2¹²లో ఘాతాన్ని సగం చేయండి, 2⁶ = 64. మొదటి 64 బేసి సంఖ్యలు, అంటే 1³ నుంచి 127³ దాకా. సూత్రం ఏమిటంటే, ఎన్ని బేసి ఘనాలున్నాయో ఆ సంఖ్య వర్గాన్ని, అదే వర్గం రెట్టింపులో ఒకటి తక్కువతో హెచ్చవేయాలి. 64 వర్గం 4096, దాని రెట్టింపులో ఒకటి తక్కువ 8191.

బైనరీలో రాయాలంటే మళ్లీ లెక్క వేయక్కర్లేదు. పన్నెండు సార్లు సగం చేశాం కాబట్టి కుడివైపు పన్నెండు సున్నాలు. 2¹³ కన్నా ఒకటి తక్కువ కాబట్టి ఎడమవైపు పదమూడు ఒకట్లు. 1111111111111000000000000, మొత్తం ఇరవై ఐదు అంకెలు.

ఎన్ని వర్గాల మొత్తం?

ఇది చాలామంది వదిలేసే మెట్టు, నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైంది. ఏ సంఖ్యనైనా గరిష్ఠంగా నాలుగు వర్గాల మొత్తంగా రాయొచ్చని లాగ్రాంజ్ 1770లో నిరూపించాడు. మన సంఖ్యకు రెండు చాలా, మూడు కావాలా, నాలుగూ పట్టాలా?

రెండు వర్గాలు కుదరాలంటే, 4తో భాగిస్తే 3 మిగిల్చే ప్రధాన కారణాంకం ఏదున్నా దాని ఘాతం సరిసంఖ్య అవ్వాలి. 8191ని 4తో భాగిస్తే 3 మిగులుతుంది, ఘాతం 1. కుదరదు.

మూడు వర్గాలు కుదరని సంఖ్యలు ఒక్క రకమే: 4లన్నీ తీసేశాక మిగిలింది 8తో భాగిస్తే 7 మిగలాలి. 2¹² అంటే 4⁶, అవన్నీ పోతే మిగిలేది 8191. 8 × 1023 = 8184, మిగిలింది 7. మూడూ కుదరదు! నాలుగూ పట్టాల్సిందే.

ఆ నాలుగేవో పట్టుకోవడం తేలిక. ముందు 8191కి చూడండి. 90 వర్గం 8100, ఇంకా 91 కావాలి. 91 = 81 + 9 + 1. అంటే 8191 = 90² + 9² + 3² + 1². 4096 అంటే 64 వర్గం కాబట్టి ఒక్కోదాన్ని 64తో హెచ్చవేస్తే సరి: 5760² + 576² + 192² + 64². కూడి చూసుకోండి, 3,31,77,600 + 3,31,776 + 36,864 + 4,096.

యంత్రంతో సరిచూసుకునేటప్పుడు

ఎనిమిదంకెలకు ఫోన్ క్యాలిక్యులేటర్ చాలు. ఇంకా పెద్దవాటికి ఎక్సెల్‌ను నమ్మకండి. అది 15 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది. ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య 2305843008139952128ని అందులో టైప్ చేస్తే చివరి నాలుగంకెలు చెప్పాపెట్టకుండా సున్నాలైపోతాయి. పైథాన్‌లో పూర్ణ సంఖ్యలకు ఈ బాధ లేదు. లినక్స్ ఉంటే టెర్మినల్‌లో ఫ్యాక్టర్ కమాండ్ పక్కన సంఖ్య రాస్తే చాలు, 2 పన్నెండు సార్లు, చివర 8191 వచ్చేస్తాయి. మీ సంఖ్య ఇంకే జాబితాల్లో ఉందో చూడాలంటే సంఖ్యల వరసలన్నీ పోగేసిన ఓఈఐఎస్ (OEIS) వెబ్‌సైట్లో వెతకండి. పరిపూర్ణ సంఖ్యల వరస అక్కడ ఏ000396 పేరుతో ఉంటుంది.

ఇక మీరే ఒకటి చేయండి. ఆరో పరిపూర్ణ సంఖ్య 8,58,98,69,056. పదహారు సార్లు సగం చేస్తే 1,31,071 వస్తుంది, అంటే 2¹⁷ − 1. దాని వర్గమూలం 362 దాటి ఉంటుంది. 1588లో ఇటలీ గణితవేత్త కతాల్ది ఇది ప్రధాన సంఖ్యేనని తేల్చడానికి ప్రధాన సంఖ్యల పట్టిక పెట్టుకుని ఒక్కొక్కదానితో భాగించాడు. మీకు ఆ అవసరం లేదు. 34 ఎక్కానికి ఒకటి కలుపుతూ వెళ్తే 362 లోపు వచ్చే ప్రధాన సంఖ్యలు 103, 137, 239, 307. 8 జల్లెడలో 307 రాలిపోతుంది. మిగిలిన మూడింటితో భాగించండి. 103కి శేషం 55. 137కి, 239కి రెండింటికీ 99 రావాలి. అలా రావడం కాకతాళీయం కాదు, ఎందుకో 137నీ 239నీ హెచ్చవేసి చూడండి.